రేసు మైదానం ఆవరణలో గుర్రపు స్వారీ ప్రదర్శన కేంద్రం: మన డెల్టాకు తగిన ఆలోచనేనా?

ఏటిగట్టు (రాజమహేంద్రవరం):

సభ్యులందరికీ నమస్కారం. 2027 గోదావరి పుష్కరాలు దగ్గరపడుతున్నకొద్దీ మన ప్రాంతంలో పర్యాటకాన్ని పెంచే మార్గాల గురించి ఎవరికి తోచిన మాట వారు చెబుతున్నారు. మిత్రుల మధ్య వచ్చిన ఒక మాట మాత్రం నెల రోజులుగా నన్ను వదలడం లేదు. డెల్టా అంచున ఒక రేసు మైదానాన్నీ, దాని ఆవరణలోనే దేశం నలుమూలల నుంచి రౌతులు వచ్చి పోటీ పడగలిగే గుర్రపు స్వారీ ప్రదర్శన కేంద్రాన్నీ నిర్మిస్తే, పాపికొండల పడవ ప్రయాణానికో అంతర్వేది దర్శనానికో వచ్చి సాయంత్రానికే తిరిగిపోయే యాత్రికుడు మరో రెండు రోజులు ఇక్కడ ఆగుతాడన్నది ఆ ఆలోచన.

ఆంధ్రప్రదేశ్‌లో నేడు రేస్‌కోర్సు లేదు. చూడాలంటే మనవారు హైదరాబాదు మలక్‌పేటకు పోవలసిందే. అయితే రేసుల వల్లనే పర్యాటకం పెరుగుతుందని నేను అనుకోవడం లేదు. పందెం రెండు నిమిషాలలో ముగుస్తుంది, దాని కోసం చేరేవారిలో ఎక్కువమంది డబ్బు కాసేవారే. ప్రదర్శన కేంద్రానికి వచ్చే జనం వేరు. ఫ్రాన్సులోని షాంటియీ పట్టణంలో 18వ శతాబ్దంలో 240 గుర్రాల కోసం కట్టిన అశ్వశాలలు అక్కడి రేస్‌కోర్సును ఆనుకొనే ఉన్నాయి. ఆ మైదానంలో 1834లో రేసులు మొదలయ్యాయి. 1982లో అశ్వశాలలలో గుర్రాల మ్యూజియం తెరిచారు. పందేలు లేని రోజున కూడా జనం టిక్కెట్టు కొని గుర్రాల విన్యాసాలు చూసివస్తారు. జర్మనీలోని ఆఖెన్‌లో ఏటా జరిగే ప్రసిద్ధమైన స్వారీ పోటీలను నేటికీ నడుపుతున్నది 1898లో పుట్టిన రేసు సంఘమే. మన దేశంలోనూ ముంబయి మహాలక్ష్మి రేస్‌కోర్సు ఆవరణలో 1942లో స్థాపించిన అమెచ్యూర్ రైడర్స్ క్లబ్ ఉంది. ఇటువంటిది మన నేల మీద సాధ్యమేనా అన్నది నా ప్రశ్న. గుర్రాలతో పరిచయం ఉన్నవారు ముందుగా చెప్పవలసిందిగా కోరుతున్నాను.

కళ్ళెం (స్వస్థలం మండపేట):

నేను 14 ఏళ్లుగా బయటి రాష్ట్రంలో స్వారీ శిక్షకుడిగా పనిచేస్తున్నాను. సొంత ఊరి దగ్గర ఇటువంటి కేంద్రం రావాలన్న కోరిక నాకు మొదటి నుంచీ ఉంది. అందువల్లనే దీన్ని తొందరపడి పాడుచేసుకోకూడదని కూడా కోరుకుంటున్నాను.

ప్రదర్శన కేంద్రం అనగానే అందరికీ ముందుగా కళ్ల ముందు కదిలేది ప్రేక్షకుల గ్యాలరీ. గుర్రానికి కావలసింది నేల. డ్రెసాజ్ అనే విన్యాసాల పోటీకి 20 మీటర్ల వెడల్పు, 60 మీటర్ల పొడవు గల చదునైన ఇసుక బరి కావాలి. అడ్డంకులు దూకించే షో జంపింగ్‌కు దాదాపు ఎకరం నేల కావాలి. వీటి పక్కనే అదే ఇసుకతో, అదే మెత్తదనంతో గుర్రాన్ని సన్నద్ధం చేసుకొనే మరో బరి ఉండాలి, ఎందుకంటే ఒక రకం నేల మీద కాళ్లు సాగదీసుకొని వచ్చిన గుర్రాన్ని ఒక్కసారిగా మరో రకం నేల మీద దూకమంటే అది తడబడుతుంది. రేసు మైదానంలో ఈ జాగా సహజంగానే దొరుకుతుంది. 1,600 మీటర్ల చుట్టు గల రేసు బాట లోపల 35 ఎకరాలకు పైగా నేల ఖాళీగా ఉండిపోతుంది.

రేసులకూ స్వారీకీ ఉన్న అసలైన బంధం మరొకటి ఉంది. రేసు గుర్రం రెండేళ్ల వయసులోనే బరిలోకి దిగుతుంది, ఆరేడేళ్లు వచ్చేసరికి చాలావరకు దాని పని అయిపోతుంది. కాని గుర్రం పాతికేళ్ల వరకూ బతుకుతుంది. మిగిలిన ఆ పద్దెనిమిదేళ్లు అది ఏం కావాలి? మన దేశంలో స్వారీ బడులు నడుస్తున్నది చాలావరకు ఇలా రేసుల నుంచి తప్పుకున్న గుర్రాల మీదనే. పరుగు ఒక్కటే తెలిసిన గుర్రానికి నిలబడటం, నెమ్మదిగా మలుపు తిరగడం, పిల్లవాడి బరువును ఓపికగా మోయడం నేర్పడానికి నెలలు పడుతుంది. నా చేతుల మీదుగా అలా మారిన గుర్రాలను చూసినప్పుడు కలిగే సంతోషాన్ని నేను మాటల్లో పెట్టలేను. రెండూ ఒకే ఆవరణలో ఉంటే గుర్రం ఉన్న చోటనే రెండో బతుకు మొదలుపెడుతుంది.

ఒక అనుభవం చెప్పి ఆపుతాను. కొన్నేళ్ల క్రితం ఒక నగరంలో జరిగిన పోటీకి మా విద్యార్థులతో వెళ్లాను. పందిళ్లకూ దీపాలకూ నిర్వాహకులు బాగా ఖర్చు పెట్టారు. ముందు రాత్రి పడిన వాన నీరు ఇసుక అడుగున నిలిచిపోయింది, పైన మాత్రం ఆరినట్టే కనిపించింది. మా గుర్రం మూడో అడ్డంకి దూకి దిగిన చోట ముందుకాలు జారి నరం తెగింది. ఆ గుర్రం ఆ తరువాత ఎప్పుడూ దూకలేదు. మన డెల్టాలో వానలు ఎలా పడతాయో మీకందరికీ తెలుసు కాబట్టి ఈ మాట చెబుతున్నాను.

మురుగుకాలువ (అమలాపురం):

కళ్ళెం గారు చెప్పిన చివరి విషయం మీద నేను కొంత వివరంగా రాయవలసి ఉంది. నా ఉద్యోగమంతా డ్రెయిన్ల నిర్వహణలోనే గడిచింది.

ధవళేశ్వరం దగ్గర 1852లో ఆనకట్ట పూర్తయిన నాటి నుంచి మనం నీటిని పొలానికి తేవడంలో ఆరితేరాము గాని, వచ్చిన నీటిని బయటికి పంపడంలో నేటికీ ఇబ్బంది పడుతూనే ఉన్నాము. డెల్టా భూమికి సముద్రం వైపు వాలు చాలా తక్కువ. వర్షాకాలంలో మా కోనసీమలో ఇంటి పునాది తవ్వితే రెండు మూడు అడుగులకే ఊట పడుతుంది. పైగా మురుగు కాలువలను గుర్రపు డెక్క అనే నీటి కలుపు మొక్క కమ్మేసి నీటిని కదలనివ్వదు. 1986 ఆగస్టు వరదను చూసినవాడిని, 2022 జూలై వరదలో లంక గ్రామాల వారు పడవల మీద బయటికి రావడాన్నీ చూశాను. ఈ నల్లమట్టి తడిస్తే ఉబ్బుతుంది, ఆరితే నెర్రెలు విచ్చుతుంది. దాని మీద వేసిన సిమెంటు రోడ్డే నిలవనప్పుడు, అంగుళం తేడా వచ్చినా గుర్రం కాలికి తెలిసే ఇసుక బరి ఎలా నిలుస్తుంది?

మంచి బరి అంటే పైన కనిపించే ఇసుక ఒక్కటే కాదు. అడుగున గట్టిపరచిన నేల, దాని మీద కంకర పొర, కంకరలో నీటిని తీసుకుపోయే రంధ్రాల పైపులు, ఆపైన మట్టి కలవకుండా ఆపే గుడ్డ పొర, అన్నింటికీ పైన నాలుగు నుంచి ఆరు అంగుళాల ఇసుక ఉండాలి. గోదావరి ఇసుక మన గడప ముందే ఉంది గదా అనుకోవద్దు. నదిలో దొర్లి దొర్లి వచ్చిన రేణువు గుండ్రంగా ఉంటుంది, డెక్క కింద గోళీలా జారుతుంది. బరికి కోణాలున్న రేణువులు కావాలి, అవి ఒకదానినొకటి పట్టుకొని బరువును మోస్తాయి. నది ఇసుక మాత్రమే వాడవలసి వస్తే అందులో పీచును కలిపి పట్టు తేవాలి.

అందువల్ల నా అభిప్రాయంలో ఈ కేంద్రాన్ని డెల్టా నడిబొడ్డున కాక, మెట్ట మొదలయ్యే చోట, అంటే రాజానగరం, రంగంపేట వైపో, ఆవలి ఒడ్డున గోపాలపురం, ద్వారకాతిరుమల వైపో ఎర్రనేల మీద పెట్టాలి. రాజానగరం వైపైతే జాతీయ రహదారి పక్కనే ఉంది, మధురపూడి విమానాశ్రయం దగ్గర.

మెట్టరైతు (రంగంపేట):

పెద్దలు మన్నించాలి. జాగా కావలసి వచ్చినప్పుడల్లా అందరి చూపూ మెట్ట మీదకే వస్తుంది. పోలవరం కాలువలకు భూములిచ్చినవారు మా చుట్టుపక్కల ఉన్నారు. దేశానికి నీరు వస్తుందని ఇచ్చాము. గుర్రాల కోసం అడిగితే మా ఊళ్లలో ఏమని చెప్పాలి?

నా రెండో అభ్యంతరం పందెం గురించి. గుర్రప్పందెం నైపుణ్యానికి సంబంధించినదని 1996లో సుప్రీంకోర్టు చెప్పిన మాట నాకు తెలుసు. కాని సంక్రాంతి మూడు రోజులలో కోడిపందేల బరుల దగ్గర మా ఊరి కుర్రవాళ్లు ఏం పోగొట్టుకుంటున్నారో కూడా నాకు తెలుసు. ఎకరం కౌలు డబ్బు ఒక్క మధ్యాహ్నంలో పోయిన ఇల్లు మా వీధిలోనే ఉంది. దానికి ఏడాది పొడవునా తెరిచి ఉండే ఇంకొక బరిని జోడించవద్దు. పందెం ఆదాయం నమ్మదగినది కూడా కాదు. రేసు పందేల మీద జీఎస్టీ 28 శాతం ఉండగా 2025లో 40 శాతానికి పెంచారు. చెన్నై గిండీ రేస్‌కోర్సు స్థలాన్ని 2024లో తమిళనాడు ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. వందల ఏళ్ల చరిత్ర ఉన్నవాటికే ఆ గతి పట్టినప్పుడు కొత్తగా కట్టేవారు దేన్ని నమ్ముకుంటారు?

ఏటిగట్టు:

మెట్టరైతు గారూ, మీ రెండు మాటలూ సబబైనవే. పట్టా భూముల జోలికి పోకుండా, ప్రభుత్వ బంజరు దొరికితేనే ముందుకు పోవాలని నేనూ అంటాను. పందెం విషయంలో నా ఆలోచన మీ మాటతో మారింది. రేసు బాట ఉండవచ్చు, అది గుర్రాల కసరత్తుకూ పరుగు పోటీలకూ ఉపయోగపడుతుంది, టిక్కెట్టు మీద నడుస్తుంది. డబ్బు కాసే కౌంటరు ఉండనక్కరలేదు.

విశ్రాంత పశువైద్యం (తాడేపల్లిగూడెం):

నేల గురించి, డబ్బు గురించి మాట్లాడుకున్నారు. ప్రాణి గురించి నేను చెబుతాను. 

మొదటిది ఉక్క. గుర్రం మనలాగే చెమట పట్టి ఒంటిని చల్లబరచుకుంటుంది. గాలిలో తేమ ఎక్కువైతే చెమట ఆరదు, ఒంటి వేడి దిగదు. ఏప్రిల్ నుంచి సెప్టెంబరు వరకు మన ప్రాంతంలో పగటి పూట పోటీలు పెట్టడం ఆ జీవిని హింసించడమే అవుతుంది. 2008 బీజింగ్ ఒలింపిక్స్‌లో గుర్రపు పోటీలు చాలావరకు హాంకాంగ్‌లో షాటిన్ రేస్‌కోర్సు పక్కన జరిగాయి. ఆ వేదికలను అక్కడి రేసులు నడిపే జాకీ క్లబ్ సమకూర్చింది. ఆగస్టు ఉక్కకు భయపడి తెల్లవారుజామునా, రాత్రులు దీపాల వెలుగులోనూ పోటీలు నడిపారు, అశ్వశాలలకు ఏసీలు పెట్టారు. మనకు అంత ఖర్చు అక్కరలేదు. మన దేశంలో స్వారీ పోటీల కాలం ఎలాగూ చలికాలమే. అక్టోబరు, నవంబరు తుఫానుల నెలలు గనుక, 1996 నవంబరును మరచిపోని కోనసీమవారు ఇక్కడ ఉన్నారు గనుక, డిసెంబరు నడిమి నుంచి ఫిబ్రవరి చివరి వరకు మనకు సరైన కాలం.

రెండోది జోరీగలు. వానాకాలంలో గేదెల చుట్టూ ముసిరే ఈ ఈగలు సర్రా అనే జబ్బును మోసుకొస్తాయి. గేదెలో ఆ క్రిమి పైకి పెద్దగా లక్షణాలు లేకుండానే ఉండిపోవచ్చు, గుర్రానికి మాత్రం ప్రాణాంతకమవుతుంది. మన ఊళ్లలో గేదె లేని ఇల్లు అరుదు. కాబట్టి అశ్వశాలను పశువుల మకాంలకు దూరంగా, నీరు నిలవని చోట కట్టి, ఈగలు రాకుండా వల తలుపులు పెట్టి, రక్త పరీక్షలు క్రమం తప్పకుండా చేయించాలి. గ్లాండర్స్ అనే జబ్బు ఇంకా కఠినమైనది, అది మనుషులకు కూడా సోకుతుంది. అది బయటపడితే గుర్రాన్ని చంపవలసి వస్తుంది, చుట్టుపక్కల గుర్రాల రాకపోకలు ఆపేస్తారు. బయటి నుంచి వచ్చే ప్రతి గుర్రానికీ పరీక్షల పత్రం చూశాకనే గేటు తీయాలి. వేరుగా ఉంచడానికి విడి కొట్టం కూడా ఉండాలి.

మూడోది మేత. మన వరిగడ్డి గేదె అరిగించుకుంటుంది, గుర్రం అరిగించుకోలేదు. దానికి నాలుగు పొట్టలు లేవు. మంచి ఎండుగడ్డి, లూసర్న్, ఓట్లు, ఉడికించిన ఉలవలు కావాలి. పెద్ద గుర్రం రోజుకు ఎనిమిది పది కిలోల మేత తింటుంది, 30 లీటర్లకు పైగా నీళ్లు తాగుతుంది. గుర్రం గుడ్డిదైనా దాణా తప్పదన్న సామెత మన పెద్దలు ఊరికే చెప్పలేదు. పోటీలు ఏడాదికి పది రోజులే జరిగినా దాణా 365 రోజులూ వేయాలి.

కొబ్బరితోట (దిండి):

నేను నది ఒడ్డున నాలుగు గదుల అతిథిగృహం నడుపుతున్నాను. మా ఇబ్బంది ఏమిటంటే శని, ఆదివారాలు గదులు చాలవు, సోమవారం నుంచి తాళాలు వేసుకుంటాము. ఒక పోటీకి 100 గుర్రాలు వచ్చాయనుకుందాం. ఒక్కో గుర్రం వెంట రౌతు, గుర్రాన్ని సాకే సాయీసు, తల్లిదండ్రులో శిక్షకుడో కలిపి ముగ్గురు వచ్చినా 300 మంది అవుతారు. గుర్రం దిగిన రోజునే పోటీకి పనికిరాదు, దానికి ప్రయాణపు బడలిక తీరాలి. అంటే వారు వారం రోజులు ఉంటారు. ఈ లెక్క చిన్నదే, కాని మా వంటివారికి చూసిపోయే పదివేల మంది కన్నా వారం ఉండే 300 మంది మేలు. వచ్చినవారు ఖాళీ రోజున ద్రాక్షారామమో, లొల్ల లాకులో చూసిరాగలరు. సాయంత్రం ఆత్రేయపురం పూతరేకులు కొనుక్కుంటారు.

కడియం మొక్కలు (కడియపులంక):

ఇంతవరకు ఎవరూ పేడ గురించి మాట్లాడలేదు. నాకు అదే ముఖ్యంగా కనిపిస్తోంది.

ఒక గుర్రం రోజుకు 20 కిలోలకు పైగా పేడ వేస్తుంది. నలభై గుర్రాలుంటే ప్రతిరోజూ ముప్పాతిక టన్నుకు తక్కువ కాని పేడ, దానితోపాటు తడిసిన పరుపు సామగ్రి బయటికి వస్తాయి. దానిని గుంటలో పోస్తే ఈగలూ దుర్వాసనా తప్పవు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఆరు నెలల్లో గేటు ముందు కూర్చుంటారు. మా నర్సరీలకు మాత్రం అది బంగారం. కుండీ మట్టిలో కలపడానికి మాగిన ఎరువు కోసం మేము ఎక్కడెక్కడికో లారీలు పంపుతున్నాము. కోనసీమలో పీచు తీసిన తరువాత మిగిలే కొబ్బరి పొట్టును కడిగి ఆరబెట్టి గుర్రాల కింద పరిస్తే, అది మూత్రాన్ని పీల్చుకుంటుంది, కాళ్ల కింద మెత్తగా ఉంటుంది. వారం తరువాత అదే పొట్టు పేడతో కలిసి మా దగ్గరకు వచ్చి మూడు నెలలు మాగితే మొక్కలకు అంతకన్నా మంచిది లేదు. ఊక కూడా మనకు కావలసినంత ఉంది గాని, దాని దుమ్ము గుర్రం ఊపిరికి మంచిది కాదని విన్నాను. వైద్యులు గారు చెప్పాలి. మైదానానికి కావలసిన పచ్చిక చాపలను మా ఊళ్లలోనే పెంచి ఇవ్వగలము.

విశ్రాంత పశువైద్యం:

మీరు విన్నది నిజం. పైగా కొన్ని గుర్రాలు ఊకను తింటాయి, కడుపు శూల వస్తుంది. దుమ్ము జల్లెడ పట్టిన కొబ్బరి పొట్టే మేలు. అయితే అది ఎప్పుడూ తడిగా ఉండకూడదు, గిట్టల అడుగున కుళ్లు మొదలవుతుంది.

రామచంద్రపురం అమ్మ:

మా అమ్మాయికి 13 ఏళ్లు. సెలవులలో హైదరాబాదులో మా అన్నయ్య ఇంట ఉండి స్వారీ నేర్చుకుంటుంది, మిగిలిన పది నెలలూ గుర్రాల బొమ్మలు వేసుకుంటుంది. 2023 సెప్టెంబరు 26న హాంగ్‌జౌ ఆసియా క్రీడలలో మన డ్రెసాజ్ జట్టు స్వర్ణం గెలిచిన రోజున, ఆ నలుగురిలో సుదీప్తి హజేలా, దివ్యకృతి సింగ్ అనే ఇద్దరు అమ్మాయిలు ఉన్నారని చూసి అది ఆ రాత్రి నిద్రపోలేదు. గుర్రపు పోటీలలో 41 ఏళ్ల తరువాత మనకు వచ్చిన స్వర్ణం అది. తరువాత తెలిసిందేమిటంటే ఆ పిల్లలు సాధన చేసింది ఐరోపాలో, పోటీ చేసిన గుర్రాలు వచ్చిందీ అక్కడి నుంచే. మన పిల్లలు ఇల్లూ దేశమూ విడిచి వెళ్తే తప్ప ఈ విద్య రాదా?

పర్యాటకం కోసం కేంద్రం కట్టండి, సంతోషమే. కాని ఏడాదిలో పది రోజుల ప్రదర్శనకు మాత్రమే తెరిచి, మిగిలిన రోజులు తాళం వేస్తే మా పిల్లలకు ఒరిగేదేమీ లేదు. అక్కడ బడి ఉండాలి. ప్రభుత్వ పాఠశాలల పిల్లలకు కూడా వారానికి ఒక గంట దొరకాలి.

కళ్ళెం:

అమ్మా, మీ ప్రశ్నకు సగం జవాబు జబ్బుల లెక్కల్లో ఉంది. మన గుర్రాలను విదేశాలకు నేరుగా పంపడానికి ఆరోగ్య నిబంధనలు అడ్డువస్తున్నాయి. 2025 జూలైలో మీరట్ సైనిక పశువైద్య కేంద్రంలోని గుర్రాల ఆవరణకు వ్యాధిరహిత ప్రాంతంగా అంతర్జాతీయ గుర్తింపు వచ్చింది, దేశంలో అది మొదటిది. కొత్తగా కట్టే మన కేంద్రం మొదటి రోజు నుంచే ఆ పద్ధతులను పాటిస్తే, ముందు ముందు ఇక్కడ పెరిగిన గుర్రంతో ఇక్కడి పిల్ల బయటికి వెళ్లగల దారి తెరుచుకుంటుంది.

మిగిలిన సగం మీరే చెప్పారు. బడి లేని కేంద్రానికి నేను రాను. చూడటానికి వచ్చినవారిని కట్టిపడేసేది కూడా రోజువారీ బతుకే. తెల్లవారుజామున గుర్రాలను నడిపించడం, లాడాలు కొట్టడం, సాయీసు మాలిష్ చేస్తుంటే గుర్రం కళ్లు మూసుకొని నిలబడటం చూడటానికి జనం ఇష్టపడతారు. అందువల్ల నా వరస ఇది: ముందు నీరు పోయే నేల, తరువాత ఇరవై గుర్రాలకు కొట్టాలు, సాయీసులకు కుటుంబంతో ఉండదగిన ఇళ్లు, లాడాలు వేసే మనిషి, వైద్యుడు. మూడేళ్లు బడి నడిచి, మన పిల్లలు తామే పోటీ పెట్టుకొనే స్థితికి వచ్చాక గ్యాలరీ. రేసు బాట అప్పటివరకు కసరత్తు బాటగా ఉంటుంది.

మెట్టరైతు:

సాయీసుల ఇళ్ల మాట ఎత్తినందుకు సంతోషం. మా ఊళ్లలో ఎడ్లను సాకే కుర్రవాళ్లు ఉన్నారు. జతకు మాలిష్ చేయడం, దాణా కలపడం, కాలు చూసి నొప్పి ఎక్కడుందో చెప్పడం వారికి వచ్చు. ఆ ఇరవై గుర్రాల దగ్గర పని వారికి నేర్పి ఇస్తామని, పందెం కౌంటరు ఎప్పటికీ రాదని కాగితం మీద రాస్తే, మా ఊరి బంజరు గురించి నేను పెద్దలతో మాట్లాడతాను. దాదాపు 60 ఎకరాలుంది, వాలు తూర్పుకు.

మురుగుకాలువ:

అరవై ఎకరాలైతే బాటా బరులూ రెండూ పడతాయి. భాద్రపదంలో వానలు గట్టిగా పడిన మరునాడే ఆ నేలను చూడాలి, వేసవిలో చూస్తే ఏ నేలైనా బాగానే కనిపిస్తుంది. నాలుగు మూలలా, నడిమధ్యన ఒకటి చొప్పున ఆరడుగుల గుంటలు ఐదు తీయించండి. నేను కొలబద్ద తెచ్చుకొని మూడు రోజులు అక్కడే ఉండి, ఊట ఎంత పైకి వస్తుందో, ఎన్ని గంటల్లో దిగుతుందో రాసుకొని ఇక్కడ పెడతాను.

మెట్టరైతు:

గుంటలు నేను తీయిస్తాను. మీరు మా ఇంట్లోనే దిగండి.